వాల్రస్ పై రెక్క మీద మనిషి

యుద్ధనౌక మీది క్యాటపుల్ట్ విసిరితే సూపర్‌మెరైన్ వాల్రస్ విమానం క్షణంలో గాల్లో ఉండేది. తిరిగి ఓడెక్కడమే అసలు పని. సముద్రం మీద దిగి, ఓడ పక్కకు చేరాక సిబ్బందిలో ఒకరు పై రెక్క మీదికి ఎక్కాలి. ఇంజిను నెత్తిన, రెక్కలోనే ఉన్న అరలోంచి ఎత్తుడు సామగ్రి తీసి క్రేన్ కొక్కేనికి తగిలించాలి. కింద అల లేస్తుంది, ఓడ ఒరుగుతుంది, కొక్కెం ఊగుతుంది. ఆ పనితనానికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

స్పిట్‌ఫైర్ యుద్ధవిమాన రూపకర్త ఆర్.జె. మిచెల్ గీసిన విమానమిది. 1933లో తొలిసారి ఎగిరింది. రెండంతస్తుల రెక్కల నడుమ పెగాసస్ ఇంజిను. ప్రొపెల్లర్ వెనకనుంచి నెడుతుంది. దాని గాలిసుడి తోకను పక్కకు తోయకుండా ఇంజిన్ను 3 డిగ్రీలు వారగా బిగించారు. ఎంత శ్రద్ధ! కంట్రోల్ కర్రను ఊడబీకి పక్క పైలట్ ముందున్న గుంతలో దించవచ్చు. చక్రాలు దించి నీటి మీద వాలితే తలకిందులే, అందుకే వాటి స్థితి చూపే సూచికను పైలట్ ముందే అమర్చారు.

గరిష్ఠ వేగం గంటకు సుమారు 215 కి.మీ. మాత్రమే. అయినా రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రంలో కూలిన వైమానికులను వెతికి తెచ్చింది. పైకి లేవలేని వేళ, వాళ్లను ఎక్కించుకుని నీటి మీదే పడవలా తీరానికి నడిచింది.