ఎఱుకయు, సోదియు

తెలుగున భవిష్యత్తును జెప్పు విద్యకు రెండు పేర్లు గలవు. ఒకటి ఎఱుక, రెండవది సోది. ఎఱుక యనగా జ్ఞానము. వేదాంతులు పరతత్త్వమును దెలియుటకును ఈ మాటనే వాడుదురు; బుట్ట చంకనిడుకొని వీధిలో వచ్చు స్త్రీ చెప్పునదియు ఎఱుకయే. సోది యను మాటకు మాత్రము అంతటి గౌరవము నిలువలేదు. నేడు మన యిండ్లలో “సోది చెప్పకు” అన్నచో, పనికిమాలిన ప్రసంగము చాలింపుమనియే యర్థము. ఒకే విద్య యొక పేరున జ్ఞానమై, వేఱొక పేరున వదరుబోతుతనమైనది. ఈ రెంటిలో దానికి దగిన పే రేదియో విచారింతము.

ఎఱుకలసాని పద్ధతి మన పెద్దలు పలుమాఱు చూచినదే. ఆమె వాకిట గూర్చుండి చేటలో బియ్యము పోయించుకొనును. అడుగువారి యఱచేతిని కోలతో దాకి, కంచి కామాక్షిని, మధుర మీనాక్షిని, బెజవాడ కనకదుర్గను పలుకుమని వేడుకొనును. పిమ్మట మాట యారంభించును. శ్రద్ధగా వినినచో, ఆమె మొదట చెప్పునవి యందఱకును జెల్లు మాటలేయని తెలియగలదు. మనసులో నొక దిగులున్నది, నమ్మినవారే మోసగించిరి, ఇంట నొకరికి నలతగా నున్నది. ఏ మాటకు గృహిణి కన్ను చెమర్చునో, ఆ మాటనే పట్టుకొని యామె ముందునకు సాగును. పొరుగమ్మ నడుమ నొక సంగతి యందించును. తుదకు విషయము చెప్పినది సాని కాదు, ఇంటివారే. కాని తమ మాటయే తమకు దైవవాక్కుగా మరలి వచ్చినది గావున వారికి తృప్తి గలుగును.

ఈ సంగతి మన కథకులకు దెలియనిది కాదు. వేంకటాచల మాహాత్మ్యమునందలి కథ చూడుడు. పద్మావతి శ్రీనివాసునిపై వలపుతో మంచము పట్టినది. తల్లి ధరణీదేవికి వ్యాధి తెలియదు. అప్పుడు శ్రీనివాసుడే ఎఱుకత వేషము దాల్చి ఆకాశరాజు నగరునకు బోయి, బిడ్డను వేంకటాద్రివాసున కిచ్చిననే గాని యీ తాపము తీఱదని యెఱుక చెప్పును. భక్తులు దీనిని భగవల్లీలగా విందురు, అది యుక్తమే. సాహిత్యదృష్టితో జూచువారి కిందు వేఱొక విశేషము గోచరించును. ఇచట ఎఱుక చెప్పువాడును, దానివలన ఫలము బొందువాడును ఒక్కడే. ఈ రహస్యము శ్రోతలకు దెలియును, ధరణీదేవికి దెలియదు. కథలోని రసమంతయు ఆమె తెలియమియందే యున్నది. చెప్పువాడు దేవుడు గనుక అచట కీడు కలుగలేదు. వాకిటికి వచ్చువారందఱు దేవుళ్లు గారు. కావున చెప్పుచున్నవారికి గావలసిన దేమియని యడుగుట మనకీ కథయే నేర్పుచున్నది.

ఇంతవఱకు జదివి, తాము సోది వినువారము గామని విద్యావంతులు సంతసింపవచ్చును. మా యూర నొక గృహిణి యట్లే సోది చెప్పవచ్చినదానిని గుమ్మమునుండియే పంపివేసి నవ్వినది. ఆ మాసముననే, నాకడ జదివిన యామె కుమార్తెకు గుదిరిన సంబంధము కుజదోషమను నొక్క మాటచే జెడినది. వరుని తలిదండ్రులు పిల్ల చదువును గాని నడవడిని గాని యాక్షేపింపలేదు. జాతకచక్రమున అంగారకుడున్న గడిని మాత్రము చూచిరి. పిల్ల తల్లియు వారితో వాదింపలేదు. ఆమెయు ఆ గడినే నమ్మినది. ఆ సాయంకాలము బాలిక నన్నడిగినది: “మాస్టారూ, నేనేం తప్పు చేశాను?” నాకు సమాధానము తోచలేదు.

జ్యోతిషము శాస్త్రము గదా యందురు. మన పూర్వులు దానిని సిద్ధాంతము, సంహిత, హోర యని మూడు స్కంధములుగా విభజించిరి. సిద్ధాంతము గణితము. 499 నాటి ఆర్యభటుడు గ్రహణమునకు గారణము నీడలేయని చెప్పెను. పంచాంగములోని గ్రహణకాలము తప్పో యొప్పో ఆకసమును జూచి యెవరైన నిర్ణయింపవచ్చును. హోర యట్టిది కాదు. ఫలము తప్పినచో జన్మకాలము సరిగా గుఱింపలేదందురు. లేదా శాంతి చాలలేదందురు. దానిని పరీక్షించినవారును లేకపోలేదు. జయంత నార్లీకరును ఆయన సహచరులును చురుకైన పిల్లల జాతకములను, బుద్ధిమాంద్యముగల పిల్లల జాతకములను గలిపి, 27 మంది జ్యోతిష్కులకు తలకొక 40 చొప్పున నిచ్చి వేఱుచేయుమనిరి. 2009లో బ్రకటింపబడిన ఫలితము ప్రకారము సరిపడినవి నూటికి 46. నాణెము నెగురవైచినను నూటికి 50 వఱకు సరిపడును.

ఇక ఈ యిరువురికిని లోకమున లభించిన మర్యాదను బోల్చి చూడుడు. 1871లో బుట్టి, 1911 చట్టముతో మదరాసు రాజధానికిని వ్యాపించిన నేరస్థజాతుల శాసనము క్రింద ఎఱుకలవారు పుట్టుకచేతనే యనుమానింపదగినవారైరి. 1952లో గాని యీ శాసనము దేశమంతట దొలగలేదు. 2001లో విశ్వవిద్యాలయ గ్రాంటుల సంఘము జ్యోతిషమును విశ్వవిద్యాలయములలో పాఠ్యముగా నెలకొల్ప బూనినది. శాస్త్రజ్ఞుడు పుష్పమిత్ర భార్గవ మొదలగువారు న్యాయస్థానముల కెక్కిరి. 2004లో సుప్రీముకోర్టు వారి యభ్యర్థనను త్రోసివేసినది. ఇరువురును జెప్పునది రేపటి మాటయే. ఒకరి చేత బుట్ట యున్నది. ఒకరి చేత పుస్తకమున్నది. మన వివేకము బుట్టను జూచి నవ్వి, పుస్తకమును జూచి చేతులు జోడించుచున్నది.

నేను సోదిని సమర్థింపను. జ్వరము వచ్చిన బిడ్డకు వైద్యుని బిలువక సోది వినుచు గడపిన ప్రొద్దు మరల రాదు. అయినను తన దిగులు వినువారింట లేనప్పుడే స్త్రీ వాకిటి సానికి దానిని జెప్పుకొనును. ఆ దిగులును భర్తయు, అత్తయు, బిడ్డలును వినినచో చేటలో బియ్యము పోయ నవసర ముండదు. పెండ్లి నిశ్చయించునప్పుడు వరుని గుణమును, వధువు నిష్టమును, ఇరువురి యారోగ్యమును విచారింపుడు. అట్లు కన్ను తెఱచి విచారించి తెలిసికొనునదే ఎఱుక. తక్కినది పుస్తకములో నున్నను సోదియే.

ఆ బాలికకు నేనానాడు చెప్పలేకపోయిన మాట నిప్పుడు చెప్పుచున్నాను. అమ్మా, నీ తప్పేమియు లేదు. గడిని జూచి మనిషిని జూడనివారిదే తప్పు. అది చూచుచు నూరకున్న నా వంటి పెద్దలదియు.