రంగు నుంచి మాట దాకా: కేర్దూ ఆరా

నెల్లూరు తీరాన దుగరాజపట్నంలో 1626లో ఇంగ్లీషువాళ్లు మకాం పెట్టింది గుడ్డల కోసమే. మద్రాసు ఇంకా పుట్టలేదు. ఈ తీరపు అద్దకం బట్టలంటే ఐరోపాకు అంత మోజు. ఎన్ని ఉతుకులు పడ్డా రంగు దిగదు. ఆ పనితనాన్ని పూసగుచ్చినట్టు కాగితం మీద పెట్టినవారిలో ఒకడు ఫ్రెంచి యేసుసభ గురువు గాస్తోన్ కేర్దూ.

1691లో బూర్జ్‌లో పుట్టి, 1732లో కర్ణాటక మిషన్‌కు వచ్చాడు. తెలుగు పట్టుబట్టి నేర్చుకుని తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి కలిపి నిఘంటువు కూర్చాడు. 1742లో స్వదేశానికి రాసిన ఉత్తరంలో అద్దకం వరస చెప్పాడు. ముందు గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి ఆరేస్తారు. పాలలోని జిడ్డు రంగును పాకనివ్వదు. బొమ్మ గీసిన కాగితానికి సన్నని బెజ్జాలు పొడిచి, పైన బొగ్గుపొడి అద్దితే గీత గుడ్డ మీదికి దిగుతుంది. నీలం అంటకూడని చోట మైనం పూస్తారు. ఎరుపుకు పటిక, ఇసుకనేలల్లో పెరిగే చిరివేరు. కరక్కాయ, పాలు, పటిక శ్రీకాళహస్తి కలంకారీలో ఈనాటికీ ఉన్నాయి.

నన్ను పట్టుకున్నది మాత్రం ఆయన ఆరా తీసిన తీరు. కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్న అద్దకపువాళ్లను విడివిడిగా, వేర్వేరు వేళల్లో అడిగి, ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరితో సరిచూసుకున్నాడు. ఫ్రెంచి యాత్రికుడు పియెర్ పువావ్ర్ చేసిన సవరణలను కలుపుకుని 1747లో మళ్లీ రాశాడు. మనవాళ్ల గుట్టు ఫ్రాన్సు పరిశ్రమకు అందించడమే ఇందులో ఉద్దేశం. ఆ సంగతి దాచనూ లేదు. చెప్పినవాళ్ల పేర్లు మాత్రం రాయలేదు.

మొదటి ఉత్తరం రాసిన పాతికేళ్లకు, 1767లో, ఇదే పద్ధతి భాష మీద పెట్టాడు. సంస్కృత దానం పక్కన లాటిన్ దోనుం, విధవ పక్కన విదువ, మధ్యం పక్కన మెదియుస్. మాటలంటే అరువు పోతాయి. అస్మి, అసి, అస్తి లాంటి క్రియారూపాలు అంత తేలిగ్గా పోవు కదా! ఈ పోలికకు వర్తకం, ఇరుగుపొరుగు, దండయాత్ర అంటూ ఒక్కో కారణాన్నీ తూచి, ఏదీ చాలదని పక్కన పెట్టి, మూలం ఒకటే అన్నాడు. ఆ మూలమేదంటే బైబిలులోని బాబెలు గోపురాన్నీ యాఫెతు సంతతినీ చూపించాడు. అంతవరకూ సాక్ష్యం అడిగిన మనిషి అక్కడ అడగడం మానేశాడు! అయినా సంస్కృత పండితుడు విలియం జోన్స్ 1786లో ఇదే మాట అనడానికి ఇది పంతొమ్మిదేళ్లు ముందు. పారిస్ విద్వత్సభ ఈ రాతను 1808లో గాని అచ్చు వేయలేదు. కీర్తి జోన్స్‌కు పోయింది.

ఒక పుస్తకం కూడా ఆయన చెయ్యి జారింది. హిందువుల ఆచారవ్యవహారాలపై ఫ్రెంచి పాద్రి దుబ్వా పేరిట 1816లో ఇంగ్లీషులో వెలువడిన గ్రంథాన్ని తెల్లదొరలు తరతరాలు ప్రమాణంగా చదివారు. దాని పునాది కేర్దూ రచనేనని 1987లో పరిశోధకురాలు సిల్వియా మ్యూర్ నిరూపించింది. ఆమె చేసిన పని కూడా ఆ రచనకు 1777 నాటి రాతప్రతిని దుబ్వా పాఠం పక్కన పెట్టి సరిచూడడమే.