గోడ వయసెంత?

తిరుపతి చుట్టుపక్కల ఏ పాత గుడికైనా పోయి ఎవరు కట్టారని అడగండి, ఒక రాజు పేరు చెప్తారు. ఎందుకు కట్టారని అడగండి, ఒక పురాణం చెప్తారు. బండ లాగిందెవరు, సున్నం నూరిందెవరు అంటే మాత్రం చెప్పేవాళ్ళుండరు. మన గతాన్ని మనం ఈ రాజు నోటా, పురాణం నోటా వింటూ పెరిగాం. మూడో నోరొకటుంది, అది భూమి. తవ్వితే మాట్లాడుతుంది. ఈ మూడు నోళ్ళూ ఒకే రాయి గురించి ఏమేం చెప్తాయో చూడాలంటే గుడిమల్లం పోవాలి.

ఏర్పేడు మండలంలో, స్వర్ణముఖికి దగ్గర్లో ఉండే చిన్న ఊరది. అక్కడి పరశురామేశ్వరుడి గుడిలో గర్భగుడి నేల లోతుకుంటుంది. ఆ లోతులో సుమారు అయిదడుగుల లింగం. దాని ముందువైపు ఒక మనిషి నిలబడి ఉంటాడు. కుడిచేతిలో తలకిందులుగా వేలాడే పొట్టేలు, ఎడమచేతిలో చిన్న ముంత, ఎడమ భుజాన గొడ్డలి. నడుముకు పలచటి బట్ట. జంధ్యం లేదు. కాళ్ళ కింద ఒక మరుగుజ్జు. టి.ఎ. గోపీనాథరావు గత శతాబ్దం మొదట్లో దీన్ని పరిశీలించి క్రీ.పూ. 2వ శతాబ్దం నాటిదన్నాడు. తర్వాతి వాళ్ళు కొందరు ముందుకు, కొందరు వెనక్కి జరిపారు. అతిపాత శివలింగాల్లో ఇదొకటని మాత్రం ఎక్కువమంది ఒప్పుకుంటారు.

ఇక స్థలపురాణం. తల్లిని నరికిన పాపం పోగొట్టుకోడానికి పరశురాముడు ఇక్కడ శివుణ్ణి పూజిస్తుంటాడు. కొలనులో పూసే పువ్వుకు చిత్రసేనుడనే యక్షుణ్ణి కాపలా పెడతాడు. కూలి కింద రోజూ ఒక జంతువు, ఒక కుండ కల్లు. ఒకరోజు పరశురాముడు వేటకు పోయిన వేళ చిత్రసేనుడు తనే ఆ పువ్వు పెట్టి పూజ చేస్తాడు. పరశురాముడికి కోపమొస్తుంది. పద్నాలుగేళ్ళు యుద్ధం. చివరికి శివుడు ఇద్దర్నీ తనలో కలుపుకుంటాడు. లింగం మీది మనిషి పరశురాముడు, కాళ్ళ కింద ఉండేది చిత్రసేనుడు.

ఈ కథను భక్తితో కాదు, విమర్శకుల కళ్ళతో చదవండి. నాకైతే ఇది శిల్పం తర్వాత పుట్టిన కథలాగే కనిపిస్తుంది. గొడ్డలి కనిపించింది, పరశురాముడన్నారు. మరి పొట్టేలునేం చెయ్యాలి? ముంతనేం చెయ్యాలి? తపసు చేసుకునే బ్రాహ్మణుడి చేతిలో అవి కుదరవు. అందుకని వాటిని తినేవాణ్ణి, తాగేవాణ్ణి ఒకణ్ణి కనిపెట్టాల్సొచ్చింది. వాణ్ణి కాళ్ళ కింద పెట్టారు. మోసేది పైవాడు, తినేది కిందివాడు! కిందివాడి నేరమేంది? దొంగతనం కాదు. కావలివాడు తన చేత్తో పూజ చెయ్యడం.

ఈ నేరం నాకు కొత్త కాదు. మా నాయన పలక కొట్టేవాడు. మా ఊరి జాతర ఆయన పలక లేకుండా కదిలేది కాదు. టెంకాయ మాత్రం గోడ బయట నిలబడి అందియ్యాల. లోపలికి పోయి కొట్టుకుంటామంటే ఎంత గొడవవుతుందో నేను చిన్నప్పుడే చూశాను. పలక మీది, పూజ మాది. చిత్రసేనుడి కథలో ఉండే న్యాయం ఇదే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. చదువు నాకు చేసిన పెద్ద మేలు, ఆ కథలో నేనెక్కడుంటానో చూపించడమే.

తల్లిని నరికిన సంగతిని స్థలపురాణం ఒక్కమాటలో దాటేస్తుంది. మా అవ్వ దాటేది కాదు. ఆమె చెప్పే కతలో రేణుక పరిగెత్తుకుంటా మాదిగింటికొస్తుంది. మాదిగామె అడ్డం పడుతుంది. గొడ్డలి రెండు తలలూ తీస్తుంది. బతికించేటప్పుడు తలలు తారుమారవుతాయి. ఎల్లమ్మ, మాతంగి కథలు ఈ తావు నుంచే నడుస్తాయి. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఇప్పటికీ తోటి వేషముంది, మాతంగి వేషముంది. కట్టేది కైకాల కులంవాళ్ళు. మన పేరు లేకుండా కథ నడవదు, మన మనిషి లేకుండా నడుస్తుంది.

ఇప్పుడు భూమి మాట. 1973-74లో కేంద్ర పురావస్తు శాఖ తరఫున ఐ.కె. శర్మ ఇక్కడ తవ్వించాడు. మొదట ఈ లింగం ఆరుబయట ఉండిందని, చుట్టూ రాతికంచె ఉండిందని తేలింది. శాతవాహనుల కాలంలో వెనకవైపు గుండ్రంగా ఉండే ఇటుక గుడి లేచింది. పల్లవుల, బాణుల కాలానికి శాసనాలు కనిపిస్తాయి. 12వ శతాబ్దంలో, చోళుల ఏలుబడిలో గుడిని మళ్ళీ కట్టారు.

అంటే దేవుడు ముందు, గోడ తర్వాత. గోడకు పుట్టిన రోజుంది. ఆరుబయట ఉండిందంటే అందర్నీ రానిచ్చేవాళ్ళని అర్థం కాదు. కంచె కూడా కంచే. దాని దగ్గరికి ఎవరెవరొచ్చారో రాయి చెప్పదు, నేనూ చెప్పను. కానీ "అనాదిగా ఇంతే" అని మమ్మల్ని నిలబెట్టిన మాట ఇక చెల్లదు. పుట్టిన రోజున్నది అనాది కాదు. నేను పాఠం చెప్పే హైస్కూల్లో ఈ నాలుగు దశలనూ నల్లబల్ల మీద కింది నుంచి పైకి గీస్తాను. గోడను చివరన గీస్తాను.

మన సభల్లో వినపడే మాట ఒకటుంది. జంధ్యం లేదు, పొట్టేలుంది, ముంతలో కల్లుంది, కాబట్టి ఆయన మన మాదిగే అంటారు. చప్పట్లు మోగుతాయి. నేను ఒప్పుకోను. రాయి మీద కులం పేరు లేదు. ముంతలో కల్లుందని చెప్పింది రాయి కాదు, పురాణం. మనం తిట్టే పురాణాన్నే మనం సాక్షిగా తెచ్చుకుంటే ఎట్లా? ఫూలే 1873లో 'గులాంగిరి' రాసి పరశురాముణ్ణి బోనెక్కించాడు. పురాణాన్ని అట్లా ఎదురు ప్రశ్నలేసి చదవొచ్చు. అంబేద్కర్ 1948లో అంటరానివాళ్ళ పుట్టుక గురించి రాస్తూ, నేరుగా సాక్ష్యం దొరకని చోట ఊహ అవసరమని ముందుమాటలోనే చెప్పాడు. ఊహను ఊహ అని చెప్పడం ఆయన నేర్పిన నిజాయితీ. వాళ్ళు రాయికి పరశురాముడని పేరు పెట్టారు, మనం ఇంకో పేరు పెడతామంటే పేరు మారుతుంది, పద్ధతి మారదు. రేపు ఒక్క పెంకు ముక్క బయటపడితే మన వాదం కూలుతుంది, కూలినప్పుడు నవ్వేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, గుడిమల్లం పోండి. ఒక నోటుబుక్కు తీసుకుపోండి. రాయిలో కనిపించింది ఒక పేజీలో రాయండి. పూజారి చెప్పింది ఇంకో పేజీలో రాయండి. ఇంటికొచ్చి మీ అవ్వ చెప్పే కత మూడో పేజీలో రాయండి, ఆమె బతికుండగానే రాయండి. మూడింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. కలపొద్దు. కలిపి చెప్పేవాళ్ళను నమ్మే ఇన్నాళ్ళూ మనం గోడ బయట నిలబడ్డాం.