కోసేది ఒకే పట్టీ

స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల ఊళ్లలో పగలు నాట్లేసి, కలుపు తీసి, తీరిక దొరికితే కుట్టుమిషన్ తొక్కే ఆడవాళ్లు అర్ధరాత్రి లేచి చెయ్యి విదిలించుకోవడం వింతేమీ కాదు. రక్తం ఆడక తిమ్మిరెక్కిందని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. చాలాసార్లు అక్కడ నలిగేది నరం.

మణికట్టులో కింద ఎముకల గాడి, పైన గట్టి పట్టీ. ఆ ఇరుకు సందులోంచి తొమ్మిది స్నాయువులు, వాటి మధ్య మీడియన్ నరం. లోపల వాపొస్తే ముందు నలిగేది నరమే. బొటనవేలి నుంచి ఉంగరపు వేలి సగం దాకా మొద్దుబారుతుంది. చిటికెన వేలికి ఏమీ కాదు. షుగరు, థైరాయిడ్, గర్భం ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ.

ముందు రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టే స్ప్లింటు, తర్వాత స్టెరాయిడ్ ఇంజెక్షన్. వాటికి లొంగకపోయినా, బొటనవేలి మొదట్లో కండ కరుగుతున్నా ఆపరేషనే.

అరచేతిలో మూడు నాలుగు సెంటీమీటర్లు కోసి, కళ్లతో చూస్తూ పట్టీని తెంచే ఓపెన్ ఆపరేషన్ పాత పద్ధతి. 1933లో లెర్మంత్ అనే సర్జన్ ఈ కోత గురించి రాశాడు. 1980ల చివర్లో జపాన్‌లో ఒకుట్సు, అమెరికాలో చౌ అనే సర్జన్లు చిన్న గాటులోంచి కెమెరా గొట్టం పంపి అదే పట్టీని లోపలి నుంచి కోశారు. కొన్ని నెలలు గడిచాక ఫలితంలో తేడా పెద్దగా కనిపించదు. కెమెరా పద్ధతిలో మచ్చ నొప్పి తక్కువ, దాదాపు వారం ముందు పనిలోకి దిగొచ్చు. నరానికి తాత్కాలికంగా దెబ్బ తగిలే అవకాశం మాత్రం కాస్త ఎక్కువ. ఖర్చూ ఎక్కువే. ఆ వారం కూలి డబ్బులు పైఖర్చుకు సరిపోతాయా అన్న లెక్క ఆసుపత్రుల కరపత్రాల్లో ఉండదు. చిన్న కోతతో, చేతికి మాత్రమే మత్తిచ్చి చేసే ఓపెన్ ఆపరేషన్‌ను నాసిరకమని చూడడం అన్యాయం. గొట్టం కన్నా దాన్ని పట్టిన చేతి అనుభవం ముఖ్యం.

ఏ పద్ధతైనా అరచేతి మొదట్లో నొక్కితే నొప్పి కొన్ని వారాలుంటుంది. పిడికిలి బలం తిరిగి రావడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. అందుకే వానాకాలం నాట్లకు దిగాల్సిన మనిషి ఎండాకాలం మొదట్లోనే డాక్టరును కలవాలి. రెండు చేతులకూ జబ్బుంటే ఇంకో చిక్కు: ఒకేసారి రెండింటికీ కట్టు పడితే జడ ఎవరు వేస్తారు, అన్నం ఎవరు కలిపి పెడతారు? ఎక్కువ బాధపెడుతున్న చెయ్యి ముందు, రెండోది అది కుదురుకున్నాక.