ఆటలోని ఊరికి కదలిక

రవాణా సిమ్యులేషన్ ఆటల్లో నియమాలు ఒకచోట, తెరమీది బొమ్మలు వేరొకచోట ఉంటాయి. ఇళ్లు, మిల్లులు, బస్సులు, నదులు అన్నీ కలిసిన కట్టే గ్రాఫిక్స్ ప్యాక్. కట్ట మారిస్తే ఆటలో ఊరే మారుతుంది. 1997లో హాన్స్‌యోర్గ్ మాల్టానర్ మొదలుపెట్టిన సిముట్రాన్స్‌లో వీటిని పాక్‌సెట్లు అంటారు. 2004లో వచ్చిన ఓపెన్‌టీటీడీకి ఓపెన్‌జీఎఫ్‌ఎక్స్ అనే ఉచిత కట్ట ఉంది. ఔత్సాహికులు ఒకరి పనిమీద ఒకరు చేర్చుకుంటూ పెంచిన కళ ఇది.

కోయంబత్తూరు, తిరుప్పూరు సీమ ఇలాంటి కట్టకు చక్కగా అమరుతుంది. ఇక్కడి తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో రవాణా వ్యాపారం ప్రారంభించారు. 1930లలో పైకారా జలవిద్యుత్తు అందాక మిల్లులు పెరిగాయి. తిరుప్పూరులో బనియన్ల కంపెనీలు, అద్దకం కార్ఖానాలు, నొయ్యల్ నది, పల్లడం, ఉడుమలపేటల వైపు పాలక్కాడు కనుమ గాలికి తిరిగే గాలిమరలు ఉన్నాయి. వీటిని కదలని బొమ్మలుగా గీస్తే సీమ పోలిక సగమే వస్తుంది.

కదలిక చూపే పాత పద్ధతి రంగుల పట్టికను తిప్పడం. 256 రంగుల బొమ్మలో ప్రతి చుక్కా పట్టికలోని ఒక సంఖ్య మాత్రమే. నీటికి కేటాయించిన కొన్ని సంఖ్యల రంగులను ఆట వరుసగా జరుపుతుంది. బొమ్మ మారకుండానే నది పారుతుంది. మెమరీ ఖర్చు దాదాపు ఉండదు. అయితే ఆకారం మారే కదలికకు ఇది చాలదు.

దానికి ఫ్రేములు కావాలి. ఎన్ని గీయాలన్నది వస్తువును గమనించి తేల్చాలి. మూడు రెక్కల గాలిమర 120 డిగ్రీలు తిరిగితే మళ్లీ మొదటి రూపానికే వస్తుంది. కాబట్టి 20 డిగ్రీలకొకటి చొప్పున ఆరు ఫ్రేములు చాలు. పక్కపక్క గాలిమరలు వేర్వేరు ఫ్రేముల నుంచి మొదలవ్వాలి, లేకపోతే అన్నీ ఒకే లయలో తిరిగి కృత్రిమంగా కనిపిస్తాయి. అద్దకం కార్ఖానా పొగను, తోలుబొమ్మకు చేతులు విడిగా కట్టినట్టు, భవనం మీద వేరే పొరగా ఉంచితే భవనాన్ని మళ్లీ మళ్లీ గీయనక్కర్లేదు.

ఫ్రేములను ఒకే ఫైలులో దాచే ఫార్మాట్లలో జిఫ్ పాతది. 1987లో కంప్యూసర్వ్ దాన్ని విడుదల చేసింది. ఫ్రేముకు 256 రంగులే. చుక్క పూర్తిగా కనిపించాలి లేదా పూర్తిగా మాయమవ్వాలి. అందువల్ల పొగ అంచులు గరుకుగా వస్తాయి. 2004లో మొజిల్లా రూపొందించిన ఏపీఎన్‌జీ పాక్షిక పారదర్శకతను కూడా నిలుపుతుంది. దాన్ని చదవలేని పాత ప్రోగ్రాములు మామూలు పీఎన్‌జీగా ఒక బొమ్మను చూపిస్తాయి. పాత ఆటకూ కొత్త కట్ట పనికిరావాలంటే ఈ గుణం విలువైనది.

ఆట ఇలాంటి ఫైలును వెబ్ పేజీలా అప్పటికప్పుడు విప్పుతూ ఆడించకూడదు. కట్టను తెరిచేటప్పుడే ఫ్రేములన్నీ విడదీసి, సమాన పరిమాణంలో, ఒకే ఆధారబిందువుకు కుదిర్చి పెట్టుకోవాలి. ఈ ఫార్మాట్లలో మారిన భాగాన్ని మాత్రమే దాచే వీలుంది. దాన్ని ముందటి ఫ్రేముతో కలపకపోతే బొమ్మ ముక్కలవుతుంది. ఫ్రేముల మధ్య వ్యవధి ఆట గడియారానికి లోబడాలి. ఆట ఆగితే గాలిమర కూడా ఆగాలి.

లెక్క కూడా చూసుకోవాలి. వైపుకు 128 చుక్కలుండే చదరం, చుక్కకు నాలుగు బైట్లు అంటే ఒక్కో ఫ్రేముకు 64 కిలోబైట్లు. ఎనిమిది దిక్కులకు తిరిగే బస్సుకు నాలుగేసి ఫ్రేములిస్తే 32 బొమ్మలు, రెండు మెగాబైట్లు. ఊళ్లో అలాంటి బస్సులు వంద ఉన్నా ఈ బొమ్మలు ఒక్కసారే దాచితే చాలు. కానీ ప్రతి కొత్త రకం బొమ్మకూ ఈ ఖర్చు మళ్లీ పడుతుంది. అందుకే కదలికను పొదుపుగా, అవసరమైన చోటే వాడాలి.

ఒక సీమ పనిపాటలను తర్వాతి తరం ఆడుకుంటూ తెలుసుకునేలా చేయడం చిన్న విషయం కాదు. కోయంబత్తూరు, మధురై సీమల తెలుగు యువతలో బొమ్మలు గీయగలవారు ఈ పనికి పూనుకోవాలి. ఆరు ఫ్రేముల గాలిమరతో మొదలుపెట్టవచ్చు.