పాట అదే, పాడు నోరు వేరు



మన గ్రామసంఘములలో ఒక వివాదము తరచుగా వినవచ్చుచున్నది. పాత కీర్తనను ఎవరో గాయకులు క్రొత్త వాద్యములతో పాడి యూట్యూబులో పెట్టగా, యౌవనస్థులు దానిని సెల్‌ఫోనులో విని ఆరాధనలో అట్లే పాడుదురు. "పాటను చెడగొట్టిరి" అని పెద్దలందురు. "ఇప్పుడే దీనికి ప్రాణము వచ్చినది" అని పిన్నలందురు. ఇరువురును రాగమును గూర్చియే వాదించుచున్నారు. అర్థమును మార్చునది రాగము మాత్రమే కాదని నా మనవి. ఆ పాటలోని "నేను" ఇప్పుడెవరు? ఆ పిలుపు ఎవరిని, ఎక్కడికి పిలుచుచున్నది? ముందుగా అడుగవలసిన ప్రశ్నలివి.

మన ఉత్తరాంధ్ర పాటనే ఒకదానిని తీసికొందము. పార్వతీపురము చేరువనున్న పెదబొండపల్లిలో 1943లో జన్మించి, 2020లో మరణించిన వంగపండు ప్రసాదరావుగారు "ఏం పిల్లడో ఎల్దమొస్తవ" అను పాట కట్టిరి. మన పల్లె యాసలోని ఆ పిలుపు శ్రీకాకుళపు గిరిజన పోరాటమునకు పిలుపు. బలహీన ప్రాణులు బలమైనవాటిపై తిరుగబడు వింతలు అందులో వర్ణింపబడినవి. 2009లో విడుదలైన "మగధీర" చలనచిత్రములో ఆ పల్లవియే ఒక నాట్యగీతములో చేరినది. పిలుపు అదే, యాస అదే. వెళ్లవలసిన చోటు మారినది. ఆ పోరాటమార్గమును మనము ఒప్పుకొందుమా లేదా అనునది వేరు సంగతి. సినిమావలన మన యాస తెలుగునాట అంతట వినబడిన మాటయు నిజమే. అయినను దానిని మాత్రమే విన్న పిల్లలకు కొండలమీది ఆకలి వినబడదు. ఇక్కడ క్రొత్త అర్థము పాతదానిని కప్పివేసినది.

ఎల్లప్పుడు ఇట్లే జరుగునా? జరుగదని చూపు ఉదాహరణ మన కీర్తనల చరిత్రలోనే యున్నది. "అమేజింగ్ గ్రేస్" అను ఆంగ్ల కీర్తనను వ్రాసిన జాన్ న్యూటను, యౌవనమందు ఆఫ్రికా జనులను బానిసలుగా కొనిపోవు ఓడలకు నాయకుడు. 1754లో సముద్రయానములు మానెను. 1764లో ఇంగ్లండులోని ఓల్నీలో బోధకుడాయెను. 1772 చివర ఈ కీర్తన వ్రాసెను. 1779లో అది అచ్చుపడెను. 1788లో బానిస వ్యాపారమునకు విరోధముగా పుస్తకము ప్రచురించెను. ఆయన నోట ఆ "నేను" క్షమింపబడిన అపరాధి. ఆయన దాటివచ్చిన ఆపదలలో సముద్రపు తుపానులున్నవి.

అదే కీర్తనను 1947లో మహాలియా జాక్సను రికార్డుకు పాడెను. 1972లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక దేవాలయములో అరీతా ఫ్రాంక్లిను పాడెను. వీరు బానిసల సంతతివారు. అరీతా ఒక్కొక్క మాటను సాగదీసి పది నిమిషములకు పైగా పాడగా, సంఘము కేకలతో బదులు పలికెను. వారి నోట ఆపదలనగా గొలుసులు, కొరడాలు, అంగడిలో అమ్ముడుపోయిన బిడ్డలు. అమ్మినవాడు వ్రాసిన పాటను అమ్మబడినవారి మనుమరాండ్రు పాడిరి! న్యూటను పశ్చాత్తాపమును వారు త్రోసివేయలేదు. అతడు తన నోట చెప్పజాలని సాక్ష్యమును దానికి చేర్చిరి.

మన పొందూరులో వాలుగ చేప దవడతో ప్రత్తిని ఏకి, సన్నని నూలు వడకు స్త్రీలు వేరు. మగ్గముపై నేయువారు వేరు. నేయువారు నూలు త్రెంచినయెడల బట్ట లేదు. నేయకున్నయెడల నూలు నూలుగానే యుండును. పాటను తిరిగి పాడువారి పనియు అట్టిదే.

ఇది మనకు క్రొత్త గాదు. పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలపై రాగతాళములు అచ్చువేయబడియున్నవి. ఉభాలనుండి వచ్చిన తల్లులు ఆ రాగముల పేర్లెరుగకయే, చెవితో నేర్చినట్లు పాడుదురు. పెండ్లినాడు పాడిన కీర్తననే పంట పోయిన ఏట పాడునప్పుడు, వినువారికి అది మరియొక కీర్తనవలె తోచును.

కావున యౌవనస్థులు తెచ్చిన పాటను వెంటనే ఆపకుడి. దానిని వ్రాసినదెవరో, ఎందుకు వ్రాసిరో మొదట చెప్పుడి. పిమ్మట వాద్యములు నిలిపి, మాటలు ఒకసారి చదివించుడి. "ఆ నేను మేమే" అని చెప్పగలిగినయెడల వారిని పాడనియ్యుడి. పెద్దలారా, మనము పాత రాగములో పాడు కీర్తనలను గూర్చియు ఇదే ప్రశ్న వేసికొందము.