పుస్తకం చేతికందించే మనిషి

ఆదోని, ఎమ్మిగనూరు శాఖా గ్రంథాలయాల్లో పనిచేసే గ్రంథపాలకులకు మనసారా దణ్ణం పెట్టాలనిపిస్తుంది. దినపత్రికలు బల్లమీద పరచడం, ఊడిన అట్టలు అతికించడం, పోటీ పరీక్షల పిల్లలకు పుస్తకాలు వెతికివ్వడం వాళ్ల రోజువారీ పనులు. అసలు నేర్పు మాత్రం పాఠకుడి మనసు పట్టడంలో ఉంది. పత్తి మార్కెట్ నుంచో మగ్గం దగ్గర్నుంచో వచ్చినాయన ‘డాక్టర్ చక్రవర్తి’ సినిమా నచ్చిందంటే చాలు, కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ తీసివ్వాలి. 1964లో ఆదుర్తి సుబ్బారావు తీసిన ఆ చిత్రానికి మూలం ఆ నవలే. అలాగే యద్దనపూడి సులోచనారాణి నవల ‘మీనా’ను 1973లో విజయనిర్మల తెరకెక్కించారు. సినిమాలో ముఖాలు ముందే ఖాయమైపోతాయి; నవలలో మనమే ఊహించుకుంటాం. నా ఓటు నవలకే. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఈ పోలిక మీద పిల్లల చేత మాట్లాడించండి. సినిమా చూసినవాళ్లు, నవల చదివినవాళ్లు గట్టిగా వాదించుకోవాలి!